నెమాటిక్ ద్రవ స్ఫటికాల స్థితిస్థాపక గుణకాలు: ఏ కొలత పద్ధతిని ఎంచుకోవాలి?

నెమాటిక్ ద్రవ స్ఫటికాలపై పరిశోధన మొదలుపెట్టిన విద్యార్థికి తొలి ఏడాదిలోనే ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. చేతిలో ఉన్న పదార్థపు స్థితిస్థాపక గుణకాలను దేనితో కొలవాలి? విద్యుత్ క్షేత్రంతోనా, అయస్కాంతంతోనా, లేజర్ కాంతి పరిక్షేపణంతోనా? ప్రయోగశాలలో ఏ పరికరం ఖాళీగా ఉంటే దానితో మొదలుపెట్టి, అది ఇచ్చిన అంకెకు అర్థం తరువాత వెతుక్కోవడమే ఎక్కువగా జరుగుతుంది. ఈ వరుస తిరగబడాలని నా గట్టి అభిప్రాయం. ఏ గుణకం కావాలో, దాన్ని రాబట్టడానికి మరే రాశి ముందుగా తెలిసి ఉండాలో నిర్ణయించుకున్న తరువాతనే పరికరం దగ్గరికి వెళ్లాలి.

నెమాటిక్‌లో పొడుగాటి అణువులు సగటున ఒకే దిశలో నిలిచి ఉంటాయి. ఆ సగటు దిశనే డైరెక్టర్ అంటాము. చీపురు కట్ట కొస దగ్గర పుల్లలు విచ్చుకున్నట్టు డైరెక్టర్ విచ్చుకుంటే అది స్ప్లే. పేకముక్కల కట్టను అరచేతుల మధ్య మెలిపెట్టినట్టు పొరపొరకూ దిశ కొద్దికొద్దిగా తిరిగితే అది ట్విస్ట్. గాలికి వరిచేను వంగినట్టు వంగితే అది బెండ్. ఈ మూడు విరూపణలకూ మూడు వేర్వేరు గుణకాలు ఉంటాయి. 1933లో ఒసీన్, జోఖర్ వేసిన పునాదిపై 1958లో ఫ్రాంక్ ఈ సిద్ధాంతానికి నేడు మనం వాడే రూపం ఇచ్చాడు. గుణకాల విలువలు పికోన్యూటన్లలో, అంటే న్యూటన్‌లో లక్ష కోట్లవ వంతులో ఉంటాయి. 1970ల తొలినాళ్లలో హల్ విశ్వవిద్యాలయంలో జార్జ్ గ్రే బృందం తయారుచేసిన 5సీబీ అనే పదార్థానికి 25 డిగ్రీల సెల్సియస్ వద్ద స్ప్లే గుణకం సుమారు 6, ట్విస్ట్ గుణకం 3 నుంచి 4, బెండ్ గుణకం 8 నుంచి 10 పికోన్యూటన్లు. ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువగా కొలిచిన నెమాటిక్‌లలో ఇదొకటి. అయినా ట్విస్ట్, బెండ్ విలువలు ఒక ప్రయోగశాలకూ మరొకదానికీ ఇంత తేడాగా ఉండటాన్ని కొత్తవారు బాగా గమనించాలి.

ఈ తేడాకు ప్రధాన కారణమే ఎంపికకు కూడా కీలకం. ఏ పద్ధతీ స్థితిస్థాపక గుణకాన్ని నేరుగా ఇవ్వదు; గుణకాన్ని మరొక రాశితో భాగించిన నిష్పత్తినే ఇస్తుంది. విద్యుత్ పద్ధతిలో ఆ భాజకం రోధక అసమదైశికత (డైరెక్టర్ వెంబడీ దానికి లంబంగానూ ఉన్న రోధక స్థిరాంకాల తేడా), అయస్కాంత పద్ధతిలో అలాంటిదే అయిన అయస్కాంత ససెప్టిబిలిటీ అసమదైశికత, గతిక కాంతి పరిక్షేపణంలో స్నిగ్ధత. కాబట్టి ఏ భాజకాన్ని మీరు విడిగా, నమ్మకంగా కొలవగలరో ఆ పద్ధతే మీకు తగినది.

విద్యుత్ క్షేత్రంతో: స్ప్లే, బెండ్

రోధక అసమదైశికత ధనాత్మకంగా ఉన్న మామూలు పదార్థానికి నా మొదటి ఎంపిక ఇదే. ఐటీఓ అనే పారదర్శక వాహక పూత ఉన్న రెండు గాజు పలకల మధ్య డైరెక్టర్ పలకలకు సమాంతరంగా నిలిచేలా సెల్ తయారుచేసి, పలకల మధ్య 1 కిలోహెర్ట్జ్ ఏసీ వోల్టేజిని మెల్లగా పెంచుతారు. ఒక ఆరంభ విలువ వరకు ఏమీ జరగదు; అది దాటగానే సెల్ మధ్యభాగంలో డైరెక్టర్ లేవడం మొదలవుతుంది. దీన్నే ఫ్రెడెరిక్స్ పరివర్తన అంటారు. లెనిన్‌గ్రాడ్‌లో ఫ్రెడెరిక్స్, రెప్యేవా కలిసి 1927లో దీన్ని అయస్కాంత క్షేత్రంతో గుర్తించారు. ఆరంభ వోల్టేజి వర్గం, స్ప్లే గుణకానికీ రోధక అసమదైశికతకూ ఉన్న నిష్పత్తికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఇందులో సెల్ మందం కనిపించదు, అదే ఈ పద్ధతికున్న పెద్ద సుగుణం. 5సీబీకి రోధక అసమదైశికత 11.5 అనుకుంటే ఆరంభ వోల్టేజి 0.78 వోల్టుల దగ్గర వస్తుంది.

పరివర్తనను కెపాసిటెన్స్‌తోనూ చూడవచ్చు, కాంతితోనూ చూడవచ్చు. కాంతితో చూడటం కంటికి ఇంపుగా ఉంటుంది. అడ్డంగా అమర్చిన రెండు ధ్రువకాల మధ్య 20 మైక్రాన్ల సెల్‌ను 45 డిగ్రీల కోణంలో పెట్టి హీలియం-నియాన్ లేజర్ పంపితే, వోల్టేజి 10 మిల్లీవోల్టుల చొప్పున పెరుగుతున్నంతసేపూ డిటెక్టర్ సూచి కదలదు. ఆరంభ విలువ దాటగానే కాంతి తీవ్రత పెరిగి, తగ్గి, మళ్లీ పెరుగుతుంది. ద్వివక్రీభవనం (డైరెక్టర్ వెంబడీ దానికి లంబంగానూ ఉన్న వక్రీభవన గుణకాల తేడా) 0.18 అయితే ఆ సెల్‌లో 5.7 తరంగదైర్ఘ్యాల పథభేదం ఉంటుంది కనుక డైరెక్టర్ పూర్తిగా నిలబడేలోగా అయిదారు శిఖరాలు లెక్కకు వస్తాయి. ఆరంభ విలువ పట్టుకోవడంలో కాంతి పద్ధతి చాలా సున్నితమైనది. అయితే అది రోధక అసమదైశికతను ఇవ్వదు. భాజకం కోసం కెపాసిటెన్స్ కొలవక తప్పదు. అందుకే రెండింటిలో ఒకటే వీలైతే నేను కెపాసిటెన్స్‌నే ఎంచుకుంటాను. ఆరంభానికి ముందున్న విలువ నుంచి లంబ రోధక స్థిరాంకం, ఎక్కువ వోల్టేజిల వద్ద వచ్చిన విలువలను వోల్టేజి విలోమానికి ఎదురుగా గీసి అనంత వోల్టేజికి పొడిగిస్తే సమాంతర రోధక స్థిరాంకం, మధ్యలోని వక్రం ఆకారం నుంచి బెండ్, స్ప్లే గుణకాల నిష్పత్తి, ఇవన్నీ ఒకే సెల్ నుంచి వస్తాయి. 1972లో గ్రూలర్, షెఫర్, మయర్ ఒకవైపు, డ్యూలింగ్ మరొకవైపు ఇచ్చిన సమీకరణాలను నేటి కంప్యూటర్‌పై మొత్తం వక్రానికి ఒకేసారి అమర్చడం కష్టం కాదు.

మొత్తం వక్రాన్ని అమర్చమని ఒత్తి చెప్పడానికి కారణం ఉంది. డైరెక్టర్ దిశను నిలపడానికి పలకలపై వేసి రుద్దిన పాలిఇమైడ్ పూతపై డైరెక్టర్ సాధారణంగా 1 నుంచి 3 డిగ్రీల మేర లేచి ఉంటుంది. ఆ వంపు వల్ల ఆరంభం పదునుగా ఉండదు, గుండ్రంగా మారుతుంది. అలాంటి వక్రంపై స్కేలు పెట్టి రెండు గీతలు కలిసే చోటును ఆరంభ వోల్టేజి అని రాసుకుంటే, గీత గీసిన మనిషిని బట్టి జవాబు మారుతుంది. తొలి వంపును కూడా తెలియని రాశిగా చేర్చి వక్రాన్ని అమరిస్తే ఆ ఇబ్బంది చాలావరకు తీరుతుంది.

ఓపిక గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఆరంభానికి దగ్గరలో డైరెక్టర్ చాలా నెమ్మదిగా కదులుతుంది. 20 మైక్రాన్ల 5సీబీ సెల్ సహజ స్పందన కాలం సుమారు అర సెకను. ఆరంభ వోల్టేజికి 2 శాతం పైన అది పాతిక రెట్లు పెరిగి 13 సెకన్లకు చేరుతుంది. కాలం మందం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 50 మైక్రాన్ల సెల్‌లో అదే స్థితికి 80 సెకన్లు కావాలి. నేను తొలిసారి మందమైన సెల్‌తో పనిచేసినప్పుడు ఒక్కో మెట్టు దగ్గర అయిదు సెకన్లే ఆగాను. వోల్టేజి పెంచుతూ చదివిన వక్రం, తగ్గిస్తూ చదివిన వక్రం వేర్వేరుగా వచ్చాయి. వారం రోజులు పదార్థంలో దోషం వెతికాను. మెట్టుకు మూడు నిమిషాలు ఆగేసరికి రెండు వక్రాలూ ఒకదానిపై ఒకటి పడ్డాయి. అప్పటి నుంచి పైకీ కిందికీ రెండువైపులా చదవని కొలతను నేను లెక్కలోకి తీసుకోవడం లేదు.

సెల్ మందం సూత్రంలో లేదు కదా అని పలుచని సెల్ తీసుకోవడం ఇంకొక పొరపాటు. పాలిఇమైడ్ పొరలు ద్రవ స్ఫటికంతో శ్రేణిలో కలిపిన కెపాసిటర్ల వంటివి. ఒక్కో పొర 100 నానోమీటర్లు, దాని రోధక స్థిరాంకం 3.5, ద్రవ స్ఫటికపు లంబ రోధక స్థిరాంకం 6 అనుకోండి. 5 మైక్రాన్ల సెల్‌లో మీరు ఇచ్చిన వోల్టేజిలో 6 శాతానికి పైగా ఆ పొరలలోనే పోతుంది. గుణకం వోల్టేజి వర్గాన్ని బట్టి వస్తుంది గనుక దాదాపు 14 శాతం ఎక్కువగా కనిపిస్తుంది. 20 మైక్రాన్ల సెల్‌లో అదే దోషం మూడు శాతం పైచిలుకే. డైరెక్టర్‌పై పలకల పట్టు బలహీనంగా ఉన్నప్పుడు కూడా పలుచని సెల్‌లోనే ఎక్కువ మోసపోతాము. మరీ మందం పెంచితే కెపాసిటెన్స్ తగ్గిపోతుంది: ఒక చదరపు సెంటీమీటరు వైశాల్యం, 20 మైక్రాన్ల మందం ఉన్న ఖాళీ సెల్‌కు వచ్చేది 44 పికోఫారాడ్లే. తీగల వల్ల 5 పికోఫారాడ్లు కలిసినా పది శాతానికి పైగా తప్పు వస్తుంది. అందువల్ల నింపకముందు ఖాళీ సెల్‌ను అదే తీగలతో, అదే హోల్డర్‌లో కొలిచి, తీగల వాటాను విడిగా తెలుసుకుని తీసివేయాలి.

కెపాసిటెన్స్ కొలిచే ఎల్‌సీఆర్ మీటర్లు చాలావరకు ఒకటి రెండు వోల్టులకు మించి ఏసీ ఇవ్వవు. స్ప్లే గుణకానికి అది సరిపోతుంది గానీ బెండ్ కోసం వక్రాన్ని 15, 20 వోల్టుల దాకా తీసుకువెళ్లాలి. దానికి ఆంప్లిఫయర్ కావాలి. పైగా ఈ పద్ధతిలో బెండ్ గుణకం ఎప్పుడూ స్ప్లే కన్నా ఎక్కువ దోషంతో వస్తుంది. బెండ్ గుణకమే ముఖ్యమైతే, ఉదాహరణకు పదార్థాన్ని నిలువు అమరిక డిస్‌ప్లేల కోసం పరీక్షిస్తున్నప్పుడు, డైరెక్టర్ పలకలకు లంబంగా నిలిచిన సెల్ తీసుకోవడం మేలు. రోధక అసమదైశికత రుణాత్మకమైతే విద్యుత్ క్షేత్రమే చాలు, ధనాత్మకమైతే అయస్కాంత క్షేత్రం కావాలి. రెండు చోట్లా ఆరంభ విలువ నేరుగా బెండ్ గుణకాన్నే సూచిస్తుంది.

అయస్కాంతంతో: ట్విస్ట్ కోసం ఇదే దారి

ట్విస్ట్ గుణకం సాధారణంగా మూడింటిలో చిన్నది, కొలవడానికి కష్టమైనది. డైరెక్టర్ పలకల తలంలోనే తిరిగితే పలకల మధ్య కెపాసిటెన్స్ మారదు. కాంతిని లంబంగా పంపినా లాభం తక్కువ: మందమైన సెల్‌లో కాంతి ధ్రువణ తలం మెలితో పాటే తిరిగి, అవతలి పలక దగ్గర మొదటి దిశకే చేరుతుంది కాబట్టి మెలి జరిగిన ఆనవాలే కనబడదు. 1972లో పాట్రీషియా క్లాడిస్ దీనికి చక్కని ఉపాయం చూపింది. కేంద్రీకృత కాంతిలో కనిపించే వ్యతికరణ చిత్రం, అంటే కోనోస్కోపిక్ చిత్రం, మెలితో పాటు తిరుగుతుంది. ఆ తిరుగుడు మొదలైన క్షేత్రమే ఆరంభ క్షేత్రం. లేజర్‌ను ఏటవాలుగా పంపడం మరొక మార్గం.

అయస్కాంతం అనగానే ఖరీదైన సూపర్‌కండక్టింగ్ అయస్కాంతం అనుకుని వెనక్కి తగ్గనవసరం లేదు. 50 మైక్రాన్ల 5సీబీ సెల్‌కు స్ప్లే ఆరంభ క్షేత్రం 0.15 టెస్లా దగ్గర, ట్విస్ట్ ఆరంభం అంతకన్నా కొంచెం తక్కువలో వస్తుంది. మన విశ్వవిద్యాలయాల ఎం.ఎస్సీ. ప్రయోగశాలల్లో హాల్ ప్రభావానికీ క్వింకె పద్ధతికీ వాడే విద్యుదయస్కాంతం ఇంత క్షేత్రం తేలిగ్గా ఇస్తుంది. అవసరమైనది కచ్చితమైన అమరిక: క్షేత్రం డైరెక్టర్‌కు లంబం నుంచి అర డిగ్రీ తప్పినా ఆరంభం మసకబారుతుంది. సెల్ మందం కూడా ఇక్కడ సూత్రంలోకి వస్తుంది, అదీ వర్గంగా. మందంలో 2 శాతం తప్పు గుణకంలో 4 శాతం అవుతుంది. ఖాళీ సెల్ వ్యతికరణ పట్టీల నుంచి, లేజర్ పడే చోటే మందం కొలవాలి. పలకల మధ్య ఎడం నిలిపే స్పేసర్ల డబ్బా మీద రాసిన అంకెను నమ్మకూడదు.

ససెప్టిబిలిటీ అసమదైశికత తెలియదే అన్న సందేహానికి మంచి పరిష్కారం ఉంది. ఒకే సెల్‌లో స్ప్లే ఆరంభాన్ని ఒకసారి వోల్టేజితో, మరొకసారి అయస్కాంత క్షేత్రంతో కొలిస్తే, రెండింటి నిష్పత్తిలో స్ప్లే గుణకం కొట్టుకుపోయి, రోధక అసమదైశికతకూ ససెప్టిబిలిటీ అసమదైశికతకూ ఉన్న సంబంధం మిగులుతుంది. ఒకటి కెపాసిటెన్స్ ద్వారా తెలుసు కనుక రెండోది వస్తుంది. ఆ తరువాత అదే సెల్‌లో క్షేత్ర దిశ మార్చి ట్విస్ట్ కొలవవచ్చు. ఒకే సెల్, ఒకే నింపుడు, ఒకే ఉష్ణోగ్రత. నా దృష్టిలో ఇంతకన్నా నమ్మదగిన ఏర్పాటు లేదు.

అయస్కాంతం లేనివారు తరచూ 90 డిగ్రీల మెలి ఉన్న టీఎన్ (ట్విస్టెడ్ నెమాటిక్) సెల్‌ను ఆశ్రయిస్తారు. దాని ఆరంభ వోల్టేజిలో స్ప్లే గుణకానికి, బెండ్ నుంచి ట్విస్ట్‌కు రెట్టింపు తీసివేయగా మిగిలిన దానిలో నాలుగో వంతు కలుస్తుంది. కాగితం మీద సులువుగా కనిపించే ఈ పద్ధతిని అంకెలతో పరీక్షించండి. స్ప్లే 6.2, ట్విస్ట్ 3.9, బెండ్ 8.2 అయితే కలిసేది 0.1 మాత్రమే, ఆరంభ వోల్టేజి ఒక శాతం కూడా మారదు. రెండు వోల్టేజిలనూ అర శాతం కచ్చితత్వంతో, బెండ్‌ను 5 శాతంతో కొలిచినా ట్విస్ట్‌లో 7 శాతం దోషం మిగులుతుంది. మామూలు జాగ్రత్తతో చేస్తే 20 శాతం కూడా ఆశ్చర్యం కాదు. అందుకని దీన్ని సరిచూసుకోవడానికి వాడవచ్చు గానీ, ట్విస్ట్‌కు ఏకైక ఆధారంగా ప్రచురించకూడదు. పలక తలంలోనే క్షేత్రం ఇచ్చే దువ్వెన ఎలక్ట్రోడ్ల సెల్ దీనికన్నా నయం. కాకపోతే ఎలక్ట్రోడ్ల మధ్య క్షేత్రం అంతటా సమానంగా ఉండదు కాబట్టి లెక్కలో ఆ సవరణ చేయాలి.

కాంతి పరిక్షేపణం ఎవరికి తగినది

డైరెక్టర్ ఉష్ణ కంపనాల వల్ల నెమాటిక్ కాంతిని బలంగా చెదరగొడుతుంది. పాలలా తెల్లగా కనబడటానికి కారణం అదే. గుణకం ఎంత చిన్నదైతే కంపనం అంత పెద్దది. 1969లో ఫ్రాన్స్‌లోని ఓర్సే బృందం ఈ పరిక్షేపణాన్ని స్థితిస్థాపకతతో, స్నిగ్ధతతో ముడిపెట్టింది. కోణాన్నీ ధ్రువణాన్నీ మార్చి తీవ్రత కొలిస్తే మూడు గుణకాల నిష్పత్తులు వస్తాయి. చెదిరిన కాంతి మిణుకు ఎంత వేగంగా మారుతుందో చూస్తే స్నిగ్ధతతో భాగించిన గుణకాలు వస్తాయి. బయటి క్షేత్రమే అవసరం లేదు, పదార్థం కొన్ని మిల్లీగ్రాములు చాలు. అయితే నిరపేక్ష విలువ కావాలంటే వక్రీభవన గుణకాలు తెలియాలి, తెలిసిన పదార్థంతో క్రమాంకనం చేయాలి. ధూళి, గాజుపై గీతలు, అమరిక లోపాలు కూడా కాంతిని చెదరగొట్టి లెక్కలో కలిసిపోతాయి. లేజర్, మిణుకు వేగాన్ని లెక్కకట్టే కోరిలేటర్, కోణాలు మార్చే గోనియోమీటర్ సిద్ధంగా ఉండి వాటిని నడిపే అనుభవజ్ఞులు పక్కన ఉంటే తప్ప, ఒక్క 5సీబీ వంటి పదార్థం కోసం దీన్ని కొత్తగా నిర్మించమని నేను చెప్పను.

మామూలు పదార్థం కాకపోతే మాత్రం సలహా మారుతుంది. మిఠాయిలకు నారింజ రంగు తెచ్చే సన్‌సెట్ యెల్లో నీటిలో గాఢంగా కరిగినప్పుడు నెమాటిక్ అవుతుంది. అది అయాన్లతో నిండిన ద్రావణం, వోల్టేజి ఇస్తే విద్యుత్ ప్రవహిస్తుంది గనుక విద్యుత్ పద్ధతి పనికిరాదు. 2012లో ప్రచురితమైన కొలతలు అయస్కాంత క్షేత్రంతోనే చేశారు. ట్విస్ట్ గుణకం మిగతా రెండింటిలో పదో వంతు మాత్రమే అని తేలింది. ట్విస్ట్ ఇంత చిన్నదైనప్పుడు మరొక ప్రమాదం ఉంది: ట్విస్ట్ గుణకం స్ప్లేలో 0.3 వంతు కన్నా తగ్గితే ఫ్రెడెరిక్స్ పరివర్తన సాఫీగా జరగక చారలుగా మొదలవుతుందని 1985లో లోన్‌బర్గ్, మేయర్ చూపారు. చారలు వచ్చిన సెల్ ఆరంభ విలువను స్ప్లే సూత్రంలో పెట్టకూడదు. కెపాసిటెన్స్ మీటర్ ఆ చారలను చెప్పదు, మైక్రోస్కోప్‌లో కంటితో చూడాలి. వంగిన అణువుల సీబీ7సీబీలో బెండ్ గుణకం తరువాతి దశకు చేరువవుతున్నప్పుడు 1 పికోన్యూటన్ కన్నా కిందికి పడిపోతుంది. అక్కడ ప్లానార్ సెల్ (డైరెక్టర్ పలకలకు సమాంతరంగా ఉన్న సెల్) వక్రం నుంచి బెండ్ లాగడం కన్నా పరిక్షేపణంతో సరిచూడటం క్షేమం.

ఉష్ణోగ్రత

ఏ పద్ధతి ఎంచుకున్నా తప్పనిది ఇది. గుణకాలు క్రమ పరామితి (అణువులు ఎంతమేరకు ఒకే దిశలో ఉన్నాయో చెప్పే అంకె) వర్గాన్ని అనుసరిస్తాయి. 5సీబీ నెమాటిక్ క్రమం పోయి మామూలు ద్రవంగా మారే 35 డిగ్రీలకు చేరువవుతుంటే, 25 డిగ్రీల వద్ద ఉన్న స్ప్లే విలువ దాదాపు సగానికి దిగిపోతుంది. సెల్‌ను వేడిచేసే హాట్ స్టేజ్ తెరమీది అంకె సెల్ లోపలి ఉష్ణోగ్రత కాదు. ప్రతి సెల్‌లోనూ నెమాటిక్ మామూలు ద్రవంగా మారే ఉష్ణోగ్రతను మొదట, చివర కొలిచి, ఫలితాలన్నిటినీ దాని నుంచి ఎన్ని డిగ్రీలు కింద అన్న లెక్కలో ఇవ్వాలి. ఎంబీబీఏ వంటి షిఫ్ బేస్ పదార్థాలు గాలిలోని తేమకే విడిపోతాయి కాబట్టి ఆ రెండు కొలతల మధ్య తేడా వస్తే ఆ రోజు అంకెలను పక్కన పెట్టాలి.

కొత్త పదార్థం చేతికి వచ్చినప్పుడు నేను పాటించే వరుస ఇది. ముందు 5సీబీని అదే సెల్‌లో, అదే తీగలతో, ద్రవంగా మారే స్థానానికి 10 డిగ్రీల కింద కొలుస్తాను. స్ప్లే 6కు దగ్గరగా వచ్చేదాకా కొత్త సీసా మూత తీయను.